డండాక్ డచ్చి మాస్టారు

మా జీపీ క్లినిక్‌లో, డాక్టరు పిలిచేదాకా కూర్చునే గదిలో ఒక వాన బొమ్మ ఉండేది. మేం డబ్లిన్‌లోని బోమాంట్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాక, పాప జలుబుల పుణ్యమా అని దాన్ని ఎన్నిసార్లు చూశానో. ఆ ఆకాశం ఉత్త బూడిద రంగు కాదు, లోపల పసుపూ వంకాయ రంగూ ఉన్నాయి. వరంగల్‌లో డ్రాయింగు టీచరుగా చేసినదాన్ని, ఉండబట్టలేక ఎవరు వేశారని అడిగాను.

"మా మాస్టారు. హాలండ్ మనిషి. డండాక్‌లో ఉంటారు. వెళ్తానంటే ఫోన్ చేసి చెబుతాను," అంది రిసెప్షన్‌లో అమ్మాయి.

ఆ శనివారం మా ఆయనకు హాస్పిటల్ డ్యూటీ లేదు. "నువ్వు పోయిరా. పాపను నేను చూస్కుంట," అన్నాడు. పాప టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే, మాకేం ఫర్వాలేదన్నట్టు, ఇక్కడి పిల్లల్లా "వీల్ బీ గ్రాండ్, అమ్మా," అంది.

బస్సులో కానలీ స్టేషన్‌కి వెళ్లి, తొమ్మిదిన్నర ప్రాంతంలో ఉత్తరానికి పోయే రైలెక్కాను. వెళ్లేవారు కుడి వైపు కూర్చోండి, సముద్రం పక్కనే వస్తుంది. ఎడమ వైపు దారి పొడవునా క్రేన్లు, సగం కట్టిన ఇళ్లు. దారిలో ద్రోహెడా స్టేషన్‌లో ఒక పెద్దావిడ ఎక్కి ఎదుటి సీట్లో కూర్చుంది. ఎవరింటికని అడిగితే చెప్పాను.

"ఆయనా! ఉత్తర ఐర్లాండ్ గొడవల రోజుల్లో సరిహద్దుకి అటువాళ్లూ ఇటువాళ్లూ పక్కపక్కన కూర్చున్నది ఆయన సాయంత్రం క్లాసులోనే. మా ఆయన కూడా వెళ్లాడు. గీసింది ఒక్క కెటిల్, అదీ వంకరగా," అని నవ్వింది.

స్టేషన్ నుంచి నడిచే దూరమే. మాస్టారి భార్య నోరా తలుపు తీసింది. డెబ్బై దాటిన మనిషి. వేడి టీ, వెన్న రాసిన బ్రౌన్ బ్రెడ్ పెట్టింది. మాస్టారి పేరు విలెమ్. ఆయన తండ్రిది పూలదుంపల వ్యాపారం. అది చూసుకోమంటే ఇష్టం లేక, ఒక్క వేసవి ఇక్కడి మేఘాలు గీసుకుని వెళ్దామని సైకిల్‌తో ఓడ దిగారట. వాన పట్టుకుంటే ఒక రైతు ఇంట్లో ఆగారు. నోరా ఆ ఇంటి పిల్లే.

డబ్లిన్ గ్యాలరీలు ఆయన బొమ్మల్ని పెద్దగా తీసుకోలేదు. ఇల్లు గడవాలని టెక్నికల్ కాలేజీలో చేరి, రిటైరయ్యేదాకా డ్రాయింగు చెప్పారు.

"బాధ అనిపించలేదా?" అని ఎదురుగా కూర్చున్న మాస్టారిని అడిగాను.

"అనిపించేది. కానీ సోమవారం రాగానే క్లాసు ఉండేది కదా," అన్నారు.

అప్పుడు గమనించాను, ఆయన నాతో మాట్లాడుతూ తలుపు వైపు చూస్తున్నారు. చూపులో మధ్య భాగం పోయిందట, అంచులు మాత్రమే మిగిలాయి. ఎదుటి మనిషి కనబడాలంటే పక్కకు చూడాలి. జీవితమంతా ఆకాశాలు గీశారు, భార్యను ఎన్నడూ గీయలేదు. ఆ కాస్త చూపూ పోకముందే గీయాలని మొదలుపెట్టారు. నోరా కుర్చీలో కూర్చుంది. ఆయన కిటికీ వైపు తల తిప్పి, ఆమెను చూస్తూ కుంచె కదిపారు.

కాసేపటికి నన్ను పిలిచారు. "నువ్వూ టీచరువే. నిజం చెప్పు. ఇది నోరాయేనా?"

బొమ్మలో ఉన్నది ముప్పై ఏళ్ల పడుచు. నోరా నా వైపు చూసి, వద్దన్నట్టు మెల్లగా తల ఊపింది. అడిగింది మాత్రం ఒక మాస్టారు.

"నోరాయే. కానీ ఇప్పటి నోరా కాదు," అన్నాను.

ఆయన లేచి, తడుముకుంటూ వచ్చి, ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. నుదురు, కళ్ల కింద సంచులు, నోటి పక్కన గీతలు, అన్నీ వేళ్లతో నెమ్మదిగా చూసుకున్నారు. తిరిగి వెళ్లి, గుడ్డతో బొమ్మలోని చెంప తుడిచేసి, మళ్లీ మొదలుపెట్టారు.

సాయంత్రం నోరా కారులో స్టేషన్‌కి దింపింది. కోపంగా ఉందేమోనని భయపడుతూ క్షమించమన్నాను.

"నా ముడతలు ఆయనకి తెలియకుండా పోతే చాలనుకున్నాను," అంది స్టీరింగు వదలకుండా. "ఇప్పుడు తెలిసిపోయింది. తెలిసీ గీస్తున్నాడు."

రైలు నిండా డబ్లిన్‌లో శనివారం రాత్రి గడపడానికి వెళ్లే కుర్రకారు. డండాక్‌లో చూడదగ్గవి ఏమున్నాయని తర్వాత మనవాళ్లు చాలామంది అడిగారు. చర్చీలున్నాయి, రేవుంది, సముద్రపు గాలుంది. నేను చూసింది మాత్రం, ఒక మనిషి తన భార్య ముఖం కోసం కిటికీ వైపు తల తిప్పుకోవడం.