జాన్‌బాబుగారి నాడి లెక్క

జాన్‌బాబుగారికి మనిషి కనబడితే చాలు, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టేస్తారు. ఆయనేం డాక్టరు కాదు, రిటైరైన బస్సు కండక్టరు. కొడుకు పెళ్ళిచూపుల్లో స్టెల్లాని ఆయన అడిగిందొక్కటే, "ఏదమ్మా, చెయ్యిలా ఇవ్వు." పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తుంటే ఆయన చెయ్యీ పట్టుకుని, ఆమేన్ అనగానే, "ఎనభై ఎనిమిదండీ. ప్రసంగం కాస్త తగ్గించండి," అన్నారు.

అలాంటాయన ఇంట్లో కోడలు నెల తప్పింది. డెబ్బై రెండు కొట్టుకునే నాడి ఆరో నెలకి తొంభై నాలుగు. ఇక ఆయనకి కూర్చోబుద్ధి కాదు, నిలబడబుద్ధి కాదు. వాకిట్లోకి వెళ్తారు, వస్తారు, మళ్ళీ లెక్కపెడతారు.

"మావయ్యగారూ, మీరలా తిరుగుతుంటే నాది వంద దాటేట్టుంది," అంది స్టెల్లా.

ఓ మధ్యాహ్నం గవర్నర్‌పేటలో తను పనిచేసే బట్టల షాపులో, నిలబడి నిలబడి కళ్ళు తిరిగి పడబోయింది. సాయంత్రానికల్లా మామా కోడలూ ఇద్దరూ డాక్టర్ శాలిని ముందున్నారు. ఆవిడ స్టెల్లా చెయ్యి పట్టుకుంటే, ఈయన డాక్టరు రెండో చెయ్యి పట్టుకోబోయారు.

"గాబరా పడకండి," అంది డాక్టరు చెయ్యి వెనక్కి లాక్కుంటూ. "కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది. గుండెని నిదానించే నరాల పట్టు సడలి, పరుగెత్తించే నరాలది పైచేయి అవుతుంది. ఈ వేగం మామూలే. కానీ అదేపనిగా నిలబడితే రక్తం కాళ్ళల్లోకి దిగి కళ్ళు తిరుగుతాయి. మధ్యమధ్య కూర్చోవాలి."

కౌంటరు వెనక కుర్చీ ఉండకూడదని షాపు ఓనరు రూలు. ఉద్యోగం పోతుందేమోనని స్టెల్లా నోరెత్తలేదు.

మర్నాటినుంచి జాన్‌బాబుగారు గంటకోసారి షాపులో ప్రత్యక్షం. కస్టమర్ల కుర్చీలో కోడల్ని కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకునేవారు. ఓనరు దగ్గితే, "ఉండండి సార్, లెక్క తప్పింది," అని మళ్ళీ ఒకటినుంచి మొదలెట్టేవారు. గర్భిణీ స్త్రీ గుండె లెక్క అడ్డుకునే ధైర్యం ఓనరుకి లేదు.

స్టెల్లాకి సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. నాలుగోరోజు విసుగొచ్చి చెయ్యి వంక చూసుకుంది. మామగారి వేళ్ళు నాడి మీద లేవు, గాజుల మీదున్నాయి.

"మావయ్యగారూ, నాడి అటుంది."

"తెలుసమ్మా," అన్నారాయన ఓ కన్ను ఓరగా తెరిచి. "కాళ్ళు చాపుకో. ఓనరు ఇటే చూస్తున్నాడు."

స్టెల్లా నవ్వాపుకుంటూ కాళ్ళు చాపుకుంది. అప్పటిదాకా గమనిస్తున్న పక్క కౌంటరు వినీల, పొద్దుట్నుంచీ నిలబడ్డ పిల్ల, మెల్లిగా వచ్చి చెయ్యి చాపింది. "బాబాయిగారూ, నాదీ చూస్తారా?"

జాన్‌బాబుగారు ఇంకో కుర్చీ లాగారు.

"కూర్చోమ్మా. నీది చాలా నిదానంగా చూడాల్సిన కేసు."