నిజ్వాలో విన్న అసలు గొంతు

స్పెయిన్ దేశపు నటి ఒకావిడ గొంతును ఏళ్ల తరబడి ఆరాధించాను. ఆ దేశపు మనిషి అంత చక్కని తెలుగు ఎలా మాట్లాడుతోందన్న అనుమానం ఒక్కసారీ రాలేదు. మన హీరోయిన్లకు వేరెవరో గొంతిస్తారని తెలిసినవాణ్నే. ఆ తెలివి ఈమె దగ్గరకొచ్చేసరికి ఎటు పోయిందో!

ఒమన్‌లోని నిజ్వా ఊళ్లో టీచరుగా ఉన్న ప్రసాద్ మాస్టారు సెలవురోజుల్లో తమ హాల్లో తెరకట్టి మనవాళ్లకు సినిమాలు చూపిస్తారు. ఈసారి ఆమె తొలినాళ్ల స్పానిష్ సినిమా. "ఆమె గురించి మీకంటే ఎవరికి తెలుసండీ? చివర్లో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఒమన్ వచ్చాక నన్ను మాట్లాడమన్నది ఆయనొక్కరే. నేను పనిచేసే బిల్డింగ్ సైట్‌లో అందరూ మాట్లాడొద్దనే అంటారు.

శుక్రవారం పొద్దున ఏడింటికి మస్కట్‌లో మేముండే అల్ హైల్ నుంచి నేనూ, రూమ్మేట్ ఖాదర్ బయలుదేరాం. టాక్సీలో సహ్వా టవర్ దాకా వెళ్లి, అక్కడ నిజ్వా బస్సెక్కాం. ఖాదర్‌ది కడప. "బిర్యానీ పెడ్తారంటేనే వస్తాండా అన్నా" అని ముందే చెప్పాడు.

సమాయిల్ ఊరు దాటాక చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు ఎండకు సన్నగా వణుకుతూ కనిపించాయి. కిటికీకి తల ఆనించి చూస్తుంటే ఆమె నటజీవితమంతా వాటిమీద కదిలింది. పల్లెటూరి పిల్ల వేషాలు, హాలీవుడ్ పిలుపు, పెద్ద అవార్డు, మళ్లీ సొంతగడ్డ మీద తల్లి పాత్రలు. నేను చూసింది హాలీవుడ్ భాగమే, అదీ తెలుగులో. మిగతాది చదివాను. నా ప్రసంగమంతా ఆ తేనెగొంతు మీదే అల్లుకున్నాను.

జుమ్మా నమాజయ్యాక మాస్టారింట్లో కర్టెన్లు వేసి సినిమా మొదలుపెట్టారు. ఆమె నోరు విప్పింది. బొంగురుగా, గబగబా, రాళ్లు దొర్లినట్టు!

"ఏందన్నా, మీ మేడమ్‌కు జలుబు చేసిందా?" ఖాదర్ గుసగుసలాడాడు.

నా ప్రసంగం ప్రాణం గొంతులోకొచ్చింది. సినిమా అయ్యాక లేచి నిలబడి, దాచే దారేదీ తోచక చెప్పేశాను: "ఇన్నాళ్లూ నేను డబ్బా కొట్టింది డబ్బింగ్‌కండీ!"

అందరూ విరగబడి నవ్వారు. ఆస్పత్రిలో నర్సుగా చేసే మేరీ అక్క మాత్రం, "మరి ఆ తెలుగు గొంతావిడ ఎవరండీ?" అనడిగింది.

తెలీదు. ఆ సినిమాలన్నిటా ఆవిడా ఏడ్చింది, నవ్వింది, చచ్చిపోయింది. పేరు మాత్రం తెరమీద నేనెక్కడా చూడలేదు. అదే చెప్పి కూర్చున్నాను. నవ్వులు ఆగాయి. చప్పట్లు మొదలయ్యాయి.

తిరుగు బస్సులో కొండలు గులాబీరంగుకు తిరిగాయి. మాస్టారిచ్చిన సినిమా కాపీని ఫోన్‌లో పెట్టి, శబ్దం పూర్తిగా తీసేశాను. ఆమె పెదవులు కదిలినప్పుడల్లా మా కాకినాడ మాటలు నేనే అందించాను: "తప్పు నాదేనండీ బాబూ! మీరొస్తారని తెలిస్తే గొంతు సవరించుకునుందును కదండీ!"

ఖాదర్ కళ్లు తెరవకుండానే అన్నాడు: "ఇంగోసారి చెప్పించన్నా."

మస్కట్ దీపాలు కనిపించేదాకా చెప్పిస్తూనే ఉన్నాను.