పక్కిల్లు పనికిరాదు

కర్నూలు, కడప పల్లెల్లో ఆడవాళ్ళకు రక్తహీనత ఎంత ఉందో తెలుసుకునే సర్వే అది. ఏ ఊళ్ళకు వెళ్ళాలో, ఏ ఇళ్ళ తలుపు తట్టాలో నిర్ణయించే పని నాది. ఊరంతటినీ పరీక్షించలేం కాబట్టి ఇళ్ళ జాబితాలోంచి చీటీలు తీసినట్టు కొన్నిటిని ఎంచుతాం. కర్నూలు ఆఫీసులో కూర్చుని పట్టిక వేసినప్పుడు అంతా సరిగ్గానే ఉందనిపించింది.

కోడుమూరు దగ్గర ఒక ఊళ్ళో మొదటి రోజే చిక్కు వచ్చింది. చీటీలో పడిన ఇళ్ళలో సగానికి తాళాలు.

"సుగ్గికి పోయినారు మేడమ్," అంది నాతో తిరుగుతున్న ఆశా కార్యకర్త. "మిరపకాయలు కోసేకి గుంటూరు పక్కకు. ఈడ వానల్లేకపోతే ఏం చేస్తారు?"

"ఎప్పుడొస్తారక్కా?"

"కోతలు అయిపోయినంక. పక్కింట్లో ఆయమ్మ ఉండాది. ఆమెను రాసుకుంటే సరిపోతాది గదా?"

మా అధికారికి ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నారు. "తాళం ఉంటే పక్కిల్లు తీసుకోండమ్మా. అందరూ చేసేదదే. గడువు దగ్గర పడుతోంది."

పక్కింటామెకు బోరు కింద పొలముంది, ఇంట్లో పాడి ఉంది. ఆమె రక్తపు చుక్క తాళం వేసిన ఇంటావిడ గురించి ఏం చెబుతుంది? ఊరు విడవక తప్పనివాళ్ళను వదిలేసి, ఉండగలిగినవాళ్ళనే కొలిచి, జిల్లా బాగుందని రాస్తాం. ఆ మాటే ఆయనతో అన్నాను.

"అయితే ఏం చేస్తారు? గుంటూరు పోతారా?" అన్నారు విసుగ్గా.

"పోతాను సార్."

అనేంతవరకు నాకా ఆలోచనే లేదు. అన్నాక వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. ప్రణాళిక మార్చి రాశాను. తాళం ఉన్న ఇంటికి బదులు మరో ఇల్లు తీసుకోకూడదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, వలస పోయారని తేలితే ఎక్కడున్నారో కనుక్కోవాలి. ఎందుకో వివరిస్తూ రెండు పేజీలు జతచేసి పంపాను. నాలుగు రోజులు జవాబు లేదు. ఐదో రోజు, ఒక్కసారికే అని చెప్పి జీపు ఇచ్చారు.

ఆశా కార్యకర్త ఫోన్లు చేసి కూలీల మేస్త్రీని పట్టుకుంది. ఇద్దరం బయలుదేరాం. మిరప చేను గట్టున టార్పాలిన్ గుడారాలు. అందరూ అన్నానికి ఆగినప్పుడు మా జాబితాలోని మొదటామె దగ్గర కూర్చున్నాను. ఆమె చెయ్యి ఇవ్వలేదు.

"ఊర్లో ఉన్నెప్పుడు ఎవరూ రాలేదు. ఇంత దూరం యాల వచ్చినారు?"

"చీటీలో మీ ఇల్లు పడిందమ్మా. మీ బదులు ఇంకొకరిని రాయడం నాకిష్టం లేదు."

ఆమె వేళ్ళు కొంగుకు తుడుచుకుని చెయ్యి చాపింది. వేలికి సూది గుచ్చి తీసిన చుక్కను యంత్రంలో పెట్టాను. అంకె మరీ తక్కువగా ఉంటే నమ్మలేక ఇంకోసారి తీశాను. అదే వచ్చింది.

"కండ్లు తిరుగుతాంటాయి. ఎండకేమో అనుకుంటి," అంది.

అదే జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పని పోతుందని ఆమె భర్త గొణిగాడు గాని, తనూ ఎక్కి కూర్చున్నాడు. ఆమెకు రక్తం ఎక్కించారు. మరునాడు మేము తిరిగి చేలోకి వెళ్ళి మిగిలినవాళ్ళను పరీక్షించాం.

నివేదికలో వలస వెళ్ళినవాళ్ళను విడిగా చూపించాను. ఊళ్ళో ఉన్నవాళ్ళకంటే వాళ్ళ పరిస్థితి బాగా అధ్వానంగా తేలింది. అధికారి ఆ పేజీ రెండుసార్లు చదివారు.

"వచ్చే ఏడు వీళ్ళు ఊరు కదలకముందే సర్వే పెడదాం. తేదీలు మీరే చెప్పండి," అన్నారు.

బయటికొచ్చి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, కూలీల లారీలు ఏ నెలలో బయలుదేరతాయో అడిగి రాసుకున్నాను.