లాడ్ బజార్‌లో మూడో సాక్ష్యం

1974 వేసవిలో నన్ను కాకినాడ నుంచి హైదరాబాదుకు, చార్మినార్ ఎక్స్ఛేంజికి జూనియర్ ఇంజనీరుగా బదిలీ చేశారు. మేము చూసుకునే యంత్రాలకు మా శాఖ కాగితాల్లో పేరు దూరద్వారాలు. పాతబస్తీలో ఆ మాటంటే ఎవరూ తలతిప్పి చూసేవారు కాదు, దర్వాజా అంటేనే పలికేవారు. ఇటు గడప దాటితే అటు రాజమండ్రిలో కాలుపెట్టించే యంత్రాన్ని అంత మామూలు పేరుతో పిలవడం మొదట్లో నాకు చిన్నతనంగా తోచింది. నెల తిరక్కుండానే నేనూ దర్వాజా అనే అనడం మొదలెట్టాను.

ఈ దర్వాజాలకు చిరునామా ఎలా ఇచ్చేవారని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. అక్షాంశాలూ రేఖాంశాలూ అనుకుంటారు పాపం. భూమి తిరుగుతోంది, సూర్యుడి చుట్టూ పరుగు పెడుతోంది. ఆకాశంలో లెక్కగట్టి చిరునామా రాస్తే, సిరా ఆరేలోగా చార్మినార్ అక్కడినుంచి వెళ్లిపోయి ఉంటుంది. అందుకని మా పద్ధతి వేరు. చిరునామాలో మూడు భాగాలు. మొదటిది ఊరి అంకె, రెండోది పేట అంకె. ఈ రెండూ పిలుపును మా ఎక్స్ఛేంజి దాకా తెస్తాయి. మూడోదే అసలు సంగతి. ప్రతి దర్వాజా నిరంతరం సన్నగా ఒక నాదం చేస్తుంటుంది. మనకు వినపడదు గానీ పక్క దర్వాజాలకు వినపడుతుంది. చుట్టుపక్కల మూడు దర్వాజాలను ఎంచుకుని, వాటికి ఈ నాదం ఎంత గట్టిగా అందుతోందో కొలిచి నమోదు చేసేవాళ్లం. వాటిని సాక్షి దర్వాజాలు అనేవారు. పిలుపు వచ్చినప్పుడు మూడు సాక్ష్యాలూ పాత కొలతతో కలిస్తేనే తలుపు తెరుచుకునేది. ఒక్కటి తప్పినా కదిలేది కాదు. అందుకే మా సర్వీసులో మనుషులు చిక్కుపడ్డారు గానీ, తప్పిపోయినవారు లేరు.

ఒకరోజు ఉదయం రాజమండ్రి ఆపరేటరు సర్వీసు లైనులో పిలిచాడు. మాణెమ్మ అనే ఆవిడ తెల్లవారుజామున మా అఫ్జల్‌గంజ్ దర్వాజాలోంచి గోదావరి స్నానానికి వచ్చిందనీ, తిరిగి వెళ్దామంటే జవాబు రావడం లేదనీ, ఆవిడ తన బల్ల ముందు నిలబడి కేకలేస్తోందనీ చెప్పాడు. వెంటనే చూడండి సార్, నా ప్రాణం తీస్తోంది అన్నాడు.

ఆ దర్వాజా వీరేశం సేఠ్‌ది. జరీ అంచుల వ్యాపారం, మూడు తరాలుగా అఫ్జల్‌గంజ్‌లోనే కొట్టు. మాణెమ్మ ఆయన భార్య. నేనూ లైన్‌మన్ యాదగిరీ హడావుడిగా వెళ్లి చూద్దుము కదా, కొట్టు ఖాళీ! దర్వాజా లేదు. అది ఉన్న చోట గోడకు మనిషి పట్టేంత కంత మాత్రం ఉంది. ఎదురు కొట్టతను నవ్వుతూ, "సేఠ్ లాడ్ బజార్‌కు మారిండు సార్. పొద్దుగాల్నే బండి మీద దర్వాజ ఏసుకొని పోయిండు" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. శాఖ ఆస్తిని కూరగాయల బస్తాలా బండి మీద వేసుకుపోతాడా! దారి పొడవునా తిట్టుకుంటూనే లాడ్ బజార్ చేరాను. కొత్త కొట్టుకు మామిడి తోరణాలు కట్టి ఉన్నాయి. పురోహితుడు దర్భలు సర్దుతున్నాడు. ముందుగదికీ వెనకగదికీ మధ్య ఆ దర్వాజా, పసుపు కుంకుమలతో సింగారించుకుని, వడ్రంగి బిగించినచోట బిగుసుకుని నిలబడి ఉంది. యంత్రం మీది దీపం కూడా వెలుగుతోంది. దీపం వెలిగితే అంతా సవ్యంగా ఉన్నట్టేనని అందరి నమ్మకం.

ఇదేమిటండీ సేఠ్ గారూ అని నేను నిలదీస్తే ఆయన నా వంక ఆశ్చర్యంగా చూశారు.

"గడప ఇడిచిపెట్టి ఎట్లొస్త సార్? మా తాత పెట్టిన గడప గది. గడప ఏడుంటే మా దుకాణం ఆడనే."

తప్పు ఎక్కడుందో అప్పుడర్థమైంది. యంత్రం బిగించిననాడు ఆ ఇంటివారు పాత గడపను తీయనివ్వలేదు. మావాళ్లూ సరేనని యంత్రాన్ని దానికే అతికించారు. మాకు చిరునామా అంటే చోటు. ఆ కుటుంబానికి చిరునామా అంటే గడప. గడపను వెంట తెచ్చుకుంటే చిరునామా కూడా వెంట వచ్చేసిందని సేఠ్ మనస్ఫూర్తిగా నమ్మారు. దర్వాజా మాత్రం కొత్తచోట మోగుతుంటే, అఫ్జల్‌గంజ్ సాక్షి దర్వాజాలు మూడూ మాకేమీ వినపడటం లేదంటున్నాయి.

ఇక అసలు చిక్కు. కొట్టు తెరిచే ముహూర్తం మధ్యాహ్నం లోపే. ఇంటి ఇల్లాలు ముందుగా గడప దాటి రావాలి. మర్నాటి నుంచి మూఢం, ఇంక ఎన్నాళ్లకో గానీ మంచిరోజు లేదు. మరో దర్వాజాలో రమ్మందామంటే, ఏ దర్వాజాలో వెళ్లినవారు ఆ దర్వాజాలోనే తిరిగి రావాలి. అది శాఖ పెట్టిన నిబంధన కాదు, యంత్రం స్వభావం. రైలెక్కితే ఆవిడ రేపటికి దిగుతుంది. "ఆమె కాలు పెట్టంది నేను గల్లా తాళం తియ్య సార్. నా పెండ్లయినకాడ్నుంచి ఆమె లేకుండ ఏ పనీ మొదలువెట్టలే" అన్నారు సేఠ్. ఆ మాటతో నా కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో స్టాళ్లకు మేము తాత్కాలిక చిరునామా ఇచ్చేవాళ్లం. సర్వే తరవాత జరుగుతుంది, ముందు మూడు పొరుగు దర్వాజాలతో కొత్తగా సాక్ష్యం కొలిచి నమోదు చేస్తే చాలు. అది జూనియర్ ఇంజనీరు అధికారంలోనిదే. షరతు ఒక్కటే. కొలత సాగినంతసేపూ సాక్షి దర్వాజాలను మూసి ఉంచాలి, అందుకు యజమానులు ఒప్పుకోవాలి. అత్తరు కొట్టాయనా, వెనక సందులోని దర్జీ వెంటనే ఒప్పుకున్నారు. మూడోది పక్కనే ఉన్న ఖాదర్ భాయ్ గాజుల దుకాణం. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నా పక్కన దుకాణం పెడుతుండు. సలాం లేదు, దువా లేదు, దావత్ అసలే లేదు. ఇప్పుడు నా గవాహీ, నా సాక్ష్యం కావాల్నా? నక్కో సార్, నా గిరాకీ టైం ఇది."

సేఠ్‌ను పక్కకు లాగి, పొరుగువారిని పిలవలేదేమండీ అన్నాను. కొత్త కొట్టుకు పిలుపులు ఇంటి ఇల్లాలే చెయ్యాలట. తాను పిలిస్తే వాళ్లింట మర్యాద కాదట. ఆవిడ స్నానం చేసి వచ్చి పిలుస్తానని చెప్పి వెళ్లిందట. బాగుంది వరస! ఆవిడ వస్తేగానీ పిలుపు లేదు, పిలుపు ఉంటేగానీ సాక్ష్యం లేదు, సాక్ష్యం ఉంటేగానీ ఆవిడ రాదు. నాకు తల పట్టుకోవాలో నవ్వాలో తెలియలేదు.

యాదగిరి భుజానికి లైను పరీక్షించే ఫోను ఎప్పుడూ వేలాడుతుండేది. దాంతో రాజమండ్రిని పట్టుకుని మాణెమ్మగారిని లైనులోకి పిలిపించాను. ఆ లైనులో బయటివారు మాట్లాడకూడదన్న మాట నిజమే. కానీ ఆ పూట లైనుకు అంతకన్నా మంచి పరీక్ష నాకు తోచలేదు. సంగతి చెప్పగానే ఆవిడ, "గడప మర్వకుండ తెమ్మన్నది నేనే సారూ, మా ఆయన్ను అనకుండ్రి" అంది. ఫోను ఖాదర్ భాయ్ చెవి దగ్గర పెట్టాను. గాజులు బేరమాడుతున్న ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. ఆవిడ గొంతు ఫోను అక్కర్లేకుండానే బజారంతా వినపడింది.

"ఖాదర్ భాయ్, తప్పుగ అనుకోకు. నీ ఇంటికొచ్చి నీ ఇంటామెను, పిల్లలను, నిన్నూ పేరుపేరున పిలుద్దామనుకున్న. గిప్పుడు ఈడ్నుంచే పిలుస్తున్న. దుకాణం నీ పక్కన పెడుతున్నం, రేపట్నుంచి మంచికైనా చెడుకైనా నువ్వే ముందు. నువ్వు దర్వాజ మూస్తేనే నేనొస్త."

ఖాదర్ భాయ్ టోపీ సర్దుకున్నాడు. "అయ్యో అమ్మా, ఇంత మాటనా? ఆయియే, ఆయియే" అంటూ తనే లేచి గిరాకీలను పక్కకు జరిపి దర్వాజా మూశాడు. దర్వాజా మూస్తే మనిషి వచ్చేదేమిట్రా అని ఎవరో వెనకనుంచి అంటే నవ్వులు. ఆ నవ్వుల మధ్యే యాదగిరి మీటరు పట్టుకుని మూడు కొట్లూ తిరిగాడు. నేను మూడు కొలతలూ ఎక్స్ఛేంజికి చదివి చెప్పాను. రాజమండ్రి మళ్లీ పిలిచింది. మొదటి సాక్షి కలిసింది, రెండోది కలిసింది. మూడోది కాస్త తటపటాయించి కలిసింది.

తడి జుట్టు ముడితో, చేతిలో గోదావరి నీళ్ల చెంబుతో మాణెమ్మగారు కుడికాలు పెట్టి గడప దాటారు. వీరేశం సేఠ్ అంతమందిలోనూ కళ్లు తుడుచుకున్నారు. పురోహితుడు, అమ్మా ముహూర్తం, ముహూర్తం అని తొందరపెడుతుంటే, ఆవిడ చెంబు భర్త చేతిలో పెట్టి, "అయిదు నిమిషాలు ఆగితే ఏం గాదు" అని విసవిసా ఖాదర్ భాయ్ దుకాణం మెట్లెక్కారు. అన్నమాట ప్రకారం అందరినీ పేరుపేరునా పిలిచి, వెంటబెట్టుకునే వచ్చారు. గల్లా తాళం తీసేసరికి ముందువరసలో నిలబడినవాడు ఖాదర్ భాయే. నాకూ యాదగిరికీ రెండేసి లడ్డూలు ముట్టాయి.

మా పై అధికారి రిపోర్టు చదివి నన్ను గట్టిగానే మందలించి, కింద సంతకం పెట్టారు. సర్వేవారు తరవాత వచ్చి కొలిచి, మా తాత్కాలిక కొలతనే ఖాయం చేశారు.

దర్వాజా ఎక్కడుందో చెప్పేది కొలిచే టేపు కాదనీ, చుట్టూ ఉన్నవారు ఒప్పుకోవడమనీ మా మాన్యువల్ మొదటి పేజీలోనే ఉంది. అంతకుముందు దాన్ని నేను యంత్రాల గురించిన వాక్యంగానే చదివాను. ఆ తరవాత రిటైరయ్యేదాకా, కొత్త దర్వాజాకు దరఖాస్తు ఇచ్చినవారిని నేనడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఇరుగుపొరుగును పిలిచారా?