మొక్కుపోతుకు నట్టల మందు

నేను మాట్లాడితే చెవి ఊపడానికి మా ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఒక్క మేకపోతే. పిల్లలు లేరు. బొగ్గుబాయి పని దిగిపోయి, మణుగూరు అవతల అడవి అంచున నాలుగు మేకలు పెట్టుకున్నాక ఊపిరితిత్తుల జబ్బుతో దవాఖానాలో పడ్డాను. "నువ్వు నడిచి ఇంటికొస్తే ఈ పోతుపిల్లను అమ్మవారికిస్తనని మొక్కిన" అంది నా భార్య. నేను నడిచే వచ్చాను. జాతర రాకముందే ఆమె జ్వరంతో పోయింది. మొక్కు నా నెత్తిన పడింది.

మొక్కిన జీవానికి మందూ సూదీ తగలకూడదని మా వైపు పట్టింపు. పశువుల దవాఖానా వాళ్లు కడుపులో పురుగులకు నట్టల మందు పోయడానికి వచ్చిన రోజు మిగతా మేకలకు పోయించి, దీన్ని మాత్రం ఇంట్లో మంచంకోడుకు కట్టేశాను. పైగా అమ్మవారి సొమ్ము కదా అని వాగు ఒడ్డు లేత గడ్డంతా దీనికే. ఆ తడి గడ్డి మీదే నట్టల పిల్లలుంటాయని నాకెవడు చెప్పాడు!

వానలు వెనకబట్టేసరికి మిగతావి నిగనిగలాడుతుంటే, ఇది పారుకుని పారుకుని ఎముకల గూడైంది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. "ఏందిరా, అలిగినవా?" అంటే చెవి కూడా కదపలేదు. నాకు భయమేసింది. ఆమె పోయిన నాడు కూడా ఇల్లు అంత నిశ్శబ్దంగా లేదు. ఆ రోజు జనమన్నా ఉన్నారు.

భుజాన వేసుకుని దవాఖానాకు నడిచాను. డాక్టరమ్మ దాని కింది కనురెప్ప లాగి చూపించింది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"కడుపుల నట్టలు నెత్తురంత తాగినయ్ తాతా. మందెందుకు పట్టియ్యలే?"

"మొక్కుది తల్లీ. మందు తగిలితే అమ్మవారికి కోపమొస్తది."

"పట్టకపోతే రేపటికుండదు. ఏం జేద్దామంటవ్?"

నా భార్య మాట తప్పుతున్నానని తెలుసు. అయినా దాని నోరు నేనే తెరిచి పట్టుకున్నాను.

డాక్టరమ్మ మందు పోసి చేతులు కడుక్కుంటూ అంది: "మూడు వారాల దాక దీన్ని కోసి తినొద్దు. ఇనబడ్డదా?"

వినబడకేం! అంత బాగా నేను ఏ డాక్టరు మాటా వినలేదు.

పోతు తేరుకుంది. పదిహేను రోజులకు జాతరొచ్చింది, వెనకే అక్క మొక్కు తీర్చమని నా బావమరిది వచ్చాడు. "మందు పట్టిన, ఇప్పుడు కోయరాదట" అన్నాను. సరేనన్నాడు. మరుసటేడూ అదే చెప్పాను. మూడో ఏడు నా మొహంలోకి చూస్తూ అడిగాడు: "ఏటా జాతర ముందే నట్టలొస్తయా బావా?" నేను తల దించుకుని మేకలకు ఆకు వేశాను.

జాతర మళ్లీ వచ్చే వారమే. నిన్న పొద్దున సీసా తీసి, పోతు నోరు తెరిచి మందు పోశాను, గోడ మీది నా భార్య ఫొటో వైపు చూడకుండా. పోశాక ఉండబట్టలేక అటు తిరిగి అన్నాను.

"నేను ఇంటికి రావాలని మొక్కినవ్ గదనే. ఒక్కణ్ని ఉండాలని మొక్కలేదు గద."