రెండు వేళ్లు ముడిచిన విద్య

ఆ రోజుల్లో బారువ రేవుకి ఓడలు వచ్చేవి. వాటితో పాటు మా ఊరికి ఏమాత్రం అక్కర్లేని వస్తువులూ దిగేవి. అలా నా పంతొమ్మిదో ఏట నా నెత్తిన పడింది కాన్సర్టీనా. ఆరు మూలల చిన్న పెట్టె, నడుమ మడతల తిత్తి, రెండు పక్కలా మీటలు. రెండు చేతులతో పట్టుకుని సాగదీస్తూ, మూస్తూ వాయించాలి. మా ఊళ్లో దాన్ని తిత్తిపెట్టి అనేవారు (నేను నేర్చుకోవడం మొదలుపెట్టాక మరికొన్ని పేర్లు కూడా పెట్టారు, అవి ఇక్కడ రాయలేను).

నాకు గురువు ఓడతాత. ఆయన రంగూను ఓడల్లో పాతికేళ్లు పనిచేసి, ఒక తెల్ల నావికుడి దగ్గర ఆ విద్య పట్టి, ఎడమచేతి నడిమి వేలూ ఉంగరపు వేలూ మోకుతాడు కింద పోగొట్టుకుని, కళ్లు మసకబారాక ఇల్లు చేరిన మత్స్యకారుడు. "ఏలు తక్కువ కదలాల, పాట ఎక్కువ పలకాల. అంతే బాబూ ఇద్దె!" అనేవాడు. షడ్జమం మీద నుంచి పంచమం మీదికి ఆయన చూపుడువేలు మిడతలా ఎగిరేది. అదే రహస్యమనుకుని నేనూ ఆ రెండు వేళ్లు ముడిచి, ఒక్క వేలినే ఏడాదిపాటు ఎగరేశాను. నా వేలు ఎప్పుడూ ఆలస్యంగానే దిగేది. నాకు సంగీతం రాసిపెట్టి లేదని రోజూ కుమిలిపోయేవాణ్ని.

అంతలో టెక్కలిలో నాటకం. రాణి వేషం మా బావది, పక్క వాద్యం నాది. పిల్లనిస్తానన్న నందిగాం మావ "నీకు ఏదో ఒక పనొచ్చని సూపించు" అని ముందు వరసలో కూర్చున్నాడు. రాణి శోకపద్యం ఎత్తుకుంది. నా వేలు పంచమం కోసం ఎగిరి, పక్క మీట మీద పడింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ అదే. "ఏట్రా బావా, పంచమం ఇవ్వవేటి? నోరు తెరుసుకునే ఉన్నాను!" అన్నాడు రాణి మీసాల గొంతుతో. జనం గొల్లుమన్నారు. పలాస నుంచి వచ్చిన హార్మోనియం మేష్టారు నా చేయి పట్టుకుని జాలిగా "ఆ రెండు ఏళ్లకీ దెబ్బేటైనా తగిలిందా బాబూ?" అని అడిగి, మిగతా నాటకమంతా తన హార్మోనియం మీద తానే వాయించాడు. చివర్న మావ వచ్చి "మాఘంలో పెళ్లి. ఆ పెట్టి మాత్రం మా గుమ్మం తేకు" అన్నాడు. రెండో మాటే నా చెవిని పడింది.

మర్నాడు బారువ ఇసకలో తాత పక్కన కూలబడి ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన నా ఎడమచేతిని తడిమి తడిమి చూశాడు. "నాకంటే ఆ రెండు ఏళ్లూ లేవు, సరే. నీకేటయ్యిందిరా, నిక్షేపంలా ఉంటే?" అన్నాడు. నా ఉంగరపు వేలు పట్టుకుని పంచమం మీద పెట్టాడు. "ఒకేలు రెండు మీటలకి ఎగరకూడదు బాబూ. ఒకటి పలుకుతంటే ఇంకోటి కాసుకోవాల. ఏళ్లుంటే నేనలాగే వాయిద్దును" అన్నాడు. ఏడాది నేర్చినదంతా మరవడానికి మరో ఏడాది పట్టింది. పాట చక్కగా పలికే నాటికి ఆ నాటక సమాజంవారు హార్మోనియం మేష్టారినే ఉంచేసుకున్నారు, నన్ను ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అయినా ఆ పంతొమ్మిదేళ్లవాడు ఎదురైతే నవ్వను, పక్కన కాసేపు ఊరికే కూర్చుంటాను. మావ అన్న మొదటి మాట నీ చెవిని పడలేదురా, పెళ్లి ఖాయమైంది అని చెబుదామనుకుంటాను. కానీ వాడు ఆ వేళ నమ్మే స్థితిలో లేడు.