సముద్రానికి నెలన్నర సెలవు

ఎలీశ్వ చేచ్చి, మా వైపు చేచ్చి అంటే అక్క, తలమీద చేపల గంపతో రోజూ పదకొండు కిలోమీటర్లు నడిచేది. మా రేవులో చేపలు కొని, కొబ్బరితోటల వెంట ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. కొన్నవాళ్ల గుమ్మంలోనే కూర్చుని కోసి, కడిగి ఇచ్చేది. నలభై ఏళ్లు అలా కోసిన మనిషికి ఏ నెలలో ఏ చేప గుడ్లతో ఉంటుందో ఒకరు చెప్పాలా?

నేను పెళ్లయి ఆ రేవుకు వచ్చినప్పుడు మా పక్కిల్లే ఆవిడది. ఆ వరసలో పదో తరగతి దాకా చదివిన కోడల్ని నేనొక్కదాన్నే. ఒక జూన్ మధ్యాహ్నం, వాన తెరిపిచ్చాక, తడిసిన గంపతోనే మా వసారాలోకి వచ్చింది.

"జెసింతా, కాగితం తీసుకో. సర్కారుకు ఒకటి రాయాలి."

"ఏమని, చేచ్చీ?"

"వానాకాలం మూడు నెలలూ మరబోట్లు వలలు ఈడ్చకూడదని చట్టం చెయ్యమను. సముద్రాన్ని అడుగంటా గీకేస్తున్నారు. గుడ్ల తల్లుల్నీ, గోరంత పిల్లల్నీ ఊడ్చేస్తే రేపు నేను గంపలో ఏం పెట్టుకు తిరగను, ఇసకా?"

ఆ మాటలే రాశాను. ఇసక సంగతి కూడా తీసెయ్యనివ్వలేదు. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం ఊరూరా తిరిగాం. తెడ్డు పడవలవాళ్లు వెంటనే వేలిముద్రలు వేశారు. హార్బర్‌లో మాత్రం మరబోట్ల యజమాని వర్గీస్ టీకొట్టు ముందు మమ్మల్ని ఆపాడు.

"ఏం ఎలీశ్వా, సముద్రానికి తాళం వేయిస్తావట. తాళంచెవి నీ నడుముకే కట్టుకుంటావా?"

"నాకెందుకయ్యా బరువు? నీ దగ్గరే ఉంచుకో. వానలు తగ్గేదాకా తియ్యకుంటే చాలు."

బెంచీ మీదున్న వాళ్లంతా నవ్వారు. సంతకం మాత్రం ఒక్కడూ పెట్టలేదు.

అసలు చిక్కు ఆవిడ ఇంట్లోనే ఉంది. ఒక్కగానొక్క కొడుకు జేవియర్ పనిచేసేది వర్గీస్ బోటు మీదే. ఒక సాయంత్రం వాళ్ల మాటలు మా ఇంట్లోకి వినిపించాయి.

"బోటు ఆగిపోతే నేనేం తినాలమ్మా? నీ సంతకాల కాగితమా?"

"నేను నడుస్తున్నాను కదరా. కొన్నాళ్లు అమ్మ తిండి తింటే అరగదా నీకు?"

అతను ఉడికించిన కర్రపెండలం గిన్నె ముట్టకుండానే లేచి వెళ్లిపోయాడు. హార్బర్ దగ్గరే ఒక గదిలో ఉండసాగాడు. ఎనిమిది నెలలు గడప తొక్కలేదు. ఆదివారం చర్చిలో అతను మగవాళ్ల వైపు, ఈవిడ ఆడవాళ్ల వైపు. పూజ అయ్యాక ఎటువాళ్లటు పోయేవారు. చేచ్చి తిరగడం ఆపలేదు, అతని ఊసూ ఎత్తలేదు. ఇంట్లో కానాగంత చేపల పులుసు పెట్టడం మాత్రం మానేసింది. అది వాడికిష్టం.

మరుసటి జూలైలో సర్కారు వేసిన కమిటీ విచారణకు పిలిచింది. ఇరవైమంది ఆడవాళ్లం బస్సెక్కి వెళ్లాం. బోట్ల యజమానుల తరఫు వకీలు మా అర్జీ చదివి పక్కన పెట్టాడు.

"చేపలు ఈ కాలంలోనే గుడ్లు పెడతాయనడానికి ఆధారమేమిటి? ఈవిడ ఏం చదువుకుంది?"

చేచ్చి సంచీలోంచి ఆకుపొట్లం తీసింది. "ఆ కాగితాలు కాస్త జరపండి సార్, తడుస్తాయి," అంది. పొద్దున రేవులో కొన్న మూడు కానాగంతల్ని బల్లమీదే కోసింది. మూడింటి కడుపుల్లోనూ గుడ్లు నిండుగా ఉన్నాయి.

"మూడు చేపలకే చట్టమా?" అన్నాడు వకీలు.

"చాలకపోతే రేపు నాతో నడవండి. దారిపొడవునా కోసి చూపిస్తాను."

వకీలు రాలేదు. కమిటీలో ఉన్న చేపల శాస్త్రవేత్త పణిక్కర్ గారు గొడుగు, పుస్తకం పట్టుకుని వచ్చారు. మొదటిరోజు మూడో ఇంటికే ఆయన కాళ్లు బొబ్బలెక్కాయి. చేచ్చి నల్లటీ ఇప్పించి, "చెప్పులు విప్పేసి నడవండి సార్, ఇసక మెత్తగా ఉంటుంది," అంది. కోసిన ప్రతి చేపనూ ఆయన రాసుకున్నారు.

మూడోరోజు పొద్దున రేవులో చేచ్చీ, పణిక్కర్ గారూ గంప సర్దుతుండగా జేవియర్ వచ్చాడు. చేతిలో పెద్ద బేసిను, దాన్నిండా వేలెడంత కూడా లేని చేపపిల్లలు.

"ఇవీ రాసుకోండి సార్. అమ్ముడుపోవని మేం రోజూ పారబోసేవి ఇవే," అన్నాడు, తల్లివైపు చూడకుండా.

చేచ్చి బేసినులో చెయ్యిపెట్టి కదిపి చూసింది. "తిన్నావా?" అని మాత్రం అడిగింది.

ఆ వారమే వర్గీస్ అతన్ని పనిలోంచి తీసేశాడు. జేవియర్ ఇంటికి వచ్చేసి, మేనమామ తెడ్డు పడవలో చేరాడు. మొదట్లో అరచేతులు పుండ్లు పడ్డాయి. చేచ్చి పసుపు రాస్తూ, "బోటెక్కి చేతులు పూలైపోయాయిరా నీకు," అని ఆటపట్టించేది.

మరుసటి ఏడు వానలకు ముందు చట్టం వచ్చింది. నెలన్నరపాటు మరబోట్లు కదలకూడదు. చర్చి ముందు కుర్రకారు టపాకాయలు కాల్చారు. నేను పరుగున వెళ్లి చెబితే చేచ్చి గంప దించకుండానే వింది.

"మూడు నెలలు అడిగాం కదే. సగమే ఇచ్చారు," అంది. కళ్లు తుడుచుకుంది కూడా. తర్వాత వసారాలో చతికిలబడి, "ఇంకో కాగితం తియ్యి. వల కన్నం ఎంతుండాలో కూడా చట్టంలో రాయమనాలి. ఆ పిల్లలు జారిపోయేంత ఉండాలి," అంది.

ఆ రెండో అర్జీకి చాలా ఏళ్లు జవాబు రాలేదు. వచ్చేనాటికి మోకాళ్ల నొప్పులతో ఆవిడ గంప మానేసి మంచం పట్టింది. పరిశీలనలో ఉందని రెండు ముక్కలు రాశారు. జేవియర్ చదివి వినిపించాడు. ఆవిడ రెండుసార్లు చదివించుకుని, మళ్లీ రాయమని నాకు కబురు పంపింది.